కాఫీ తాగాకే అసలు వార్త

"ఈ సాయంత్రం మీ క్యాంపుకి పన్నెండుమంది టూరిస్టులు వస్తారు. అందులో ఒకడు రేపు పొద్దున తొమ్మిది దాకా బతికుండాలి. మిషన్ అంతే," అన్నాడు కల్నల్ ఫహీమ్.

జువైనా గోరింటాకు ముద్ద కలుపుతూ విన్నది. ఆమె చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్ ఉంది. ముఖం మీద ఆ ఇసుక తిన్నెల ఆడవాళ్ళందరూ పెట్టుకునే నల్లటి గట్టి ముసుగు ఉంది. నుదుటి నుంచి పెదవుల దాకా దిగే ఆ ముసుగుకి ముక్కు మీదుగా నిలువునా ఒక సన్నటి కర్ర ఉంటుంది. నిఘా ఆఫీసు వాళ్ళు ఆ కర్రను తొలిచి లోపల మైకు పెట్టారు. టూరిస్టులు ఆ ముసుగునే ఫోటో తీసుకుంటారు. దాని వెనకున్న మనిషి ఎవరికీ అక్కర్లేదు. పదకొండేళ్ళుగా జువైనా ఉద్యోగం అదే, ఎవరికీ అక్కర్లేని మనిషిగా ఉండటం.

కల్నల్ మిగతా వివరాలు చెప్పాడు. మనిషి పేరు ఇద్రీస్. తీరంలో ఒక ఓడరేవులో గుమాస్తా. సముద్రం అవతలి ముఠా ఒకటి ఉల్లిపాయల కంటైనర్లలో ఆయుధాలు దింపుతోంది. దొంగ కాగితాలు ఇతని చేతే రాయించారు. కాగితాలన్నీ తగలబెట్టారు కానీ నలభై ఒక్క కంటైనర్ల నంబర్లు ఇద్రీస్ బుర్రలో ఉండిపోయాయి. రేపు పొద్దున మస్కట్‌లో జడ్జి ముందు అవి అప్పజెప్పాలి. రోడ్లన్నిటి మీదా ముఠా కళ్ళున్నాయి. అందుకే అతన్ని టూరిస్టుల కారెక్కించారు. రోజూ ఎన్నో కార్లు ఒంటె సవారీకీ భోజనానికీ ఇసుకలోకి వెళతాయి. ఎవరెక్కారో, ఎవరు దిగారో చూసేవాడు లేడు.

"సూర్యాస్తమయానికి ముందు మనవాళ్ళు ముగ్గురు వచ్చి అతన్ని తీసుకెళతారు. కెప్టెన్ హమ్దాన్, డ్రైవర్ ముసల్లమ్, నదీన్."

"నదీన్ ఎవరు?"

"మన ఏజెంట్. మూడేళ్ళుగా ముఠా లోపల ఉంది. వాళ్ళు ఆమెని తమ మనిషే అనుకుంటున్నారు."

"మరి ఆవిడేమనుకుంటోంది?"

కల్నల్ నేరుగా పనిలోకి దిగాడు. కోడ్ చెప్పాడు. జువైనా ముసల్లమ్‌ని 'వార్తలేమిటి' అని అడగాలి. అతను 'మంచివే' అంటే అంతా గ్రీన్. తేడా ఏదైనా ఉంటే అతను ఆ మాట అనకుండా ఊరుకోవాలి.

జువైనా చెయ్యి ఆగిపోయింది.

"ఈ కోడ్ పనికిరాదు కల్నల్ గారూ. మా వాళ్ళలో వార్తలేమిటంటే ఎవడైనా మంచివే అంటాడు. ఇంట్లో తండ్రి శవం పెట్టుకుని వచ్చినా మంచివే అంటాడు. కూర్చుని కాఫీ తాగాక గానీ అసలు వార్త నోట్లోంచి రాదు."

కల్నల్ నవ్వాడు. అందరూ అనే మాటే అయితే ఎవరికీ అనుమానం రాదు కదా, అంతకంటే మంచి కోడ్ ఏముంటుందన్నాడు. ముసల్లమ్ శిక్షణ పొందిన మనిషి, పల్లెటూరి ముసలాడు కాడన్నాడు. ఫహీమ్ తెలివైనవాడే. కాకపోతే మస్కట్‌లో నాలుగో అంతస్తులో పుట్టి పెరిగాడు. ఎవరింటికైనా వెళితే తలుపు తీయకముందే కష్టసుఖాలన్నీ చెప్పేసే రకం.

నాలుగు గంటలకు మూడు కార్లు వచ్చాయి. గాలి పూర్తిగా పడిపోయింది. నిన్న పొద్దున గుంటలో పూడ్చిన మేకమాంసం మట్టి కింద ఉడుకుతోంది. పగుళ్ళలోంచి సన్నటి పొగ లేచి, ఎటూ పోకుండా గుంట మీదే నిలబడుతోంది. జువైనా మేనమామ హువైషిల్ డేరా ముందు కాఫీ గింజలు దంచుతూ తిన్నెల కేసి రెండుమూడుసార్లు చూశాడు. ఏమిటి మామా అని అడిగితే, ఏమీ లేదు, పిట్ట కూడా అరవడం లేదని అన్నాడు.

ఇద్రీస్‌ని పోల్చుకోవడం కష్టం కాలేదు. పూల చొక్కా, మెడలో కెమెరా, దాని మూత కూడా తీయలేదు. ముప్పై ఏళ్ళుంటాయి. గోరింటాకు చాప దగ్గరికి వచ్చి, ఎడమ చేతికి మాత్రమే పెట్టమని, కుడి చేతికి ఇంటికెళ్ళాక భార్య పెడుతుందని అన్నాడు. అది అతని కోడ్. హువైషిల్ అది విని, ఈ వయసులో పెళ్ళికొడుకు ముచ్చట తీరలేదు పాపం అన్నాడు. పక్కనున్న జర్మనీ ఆవిడ అర్థం కాకపోయినా నవ్వింది.

"మీరేనా అక్కా?" అన్నాడు ఇద్రీస్ పెదవులు కదపకుండా.

"చెయ్యి కదపకు. తీగ వంకరపోతుంది."

గోరింటాకు కోన్ అరచేతిని తాకినప్పుడల్లా అతని పెదవులు ఏదో లెక్కపెడుతున్నాయి. నంబర్లని ఆమెకి అర్థమైంది. నాలుగు రోజులుగా నిద్రపోలేదట. నిద్రపోతే ఒకటో రెండో జారిపోతాయని భయమట. రెండేళ్ళ కూతురుందని, దాని పుట్టినరోజు ఏ రోజో మొన్న ఎంత గింజుకున్నా గుర్తురాలేదని, బుర్రలో ఇంకేదీ పట్టడం లేదని చెప్పాడు. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను తల ఊపేదాకా ఎవరి వెంటా వెళ్ళకు," అంది జువైనా. "రాజుగారొచ్చి పిలిచినా సరే."

"మీరు ఊపితేనే వెళతా."

పెద్ద మాట ఇచ్చేశానని ఆమెకు వెంటనే అనిపించింది.

అయిదున్నరకి తెల్ల కారు ఒకటి తిన్నె దిగి వచ్చింది. ముందు సీట్లోంచి నదీన్ దిగింది. టూరిస్టులు ఒంటెల్ని వదిలేసి ఆమెని చూశారు. ఒళ్ళంతా కప్పే నల్ల పట్టు అబాయా, నల్ల కళ్ళద్దాలు, పది అడుగుల దూరానికే తగిలే అగరు అత్తరు. ఇసుకలో నడవడం తెలిసిన నడక. డ్రైవర్ ముసల్లమ్ ఆమె వెనక ఒక్క అడుగు దూరంలో నిలబడ్డాడు. వెనక సీటు ఖాళీగా ఉంది.

"కెప్టెన్ ఏడి?" అని జువైనా అడిగింది.

నదీన్ తడుముకోలేదు. పడమటి తిన్నె అవతల రెండో కారు ఉందని, కెప్టెన్ అక్కడే కాపలా ఉన్నాడని చెప్పింది. ఇక్కడినుంచి మనిషిని కారెక్కిస్తే అందరి కళ్ళూ పడతాయి. అదే ఒంటె మీద సూర్యాస్తమయం చూడటానికి తిన్నె ఎక్కితే టూరిస్టులందరూ చేసే పనే. తిన్నె దాటగానే కారు మార్చేయొచ్చు. చక్కగా ఉంది ప్లాన్. చక్కగా ఉండటమే జువైనాకి నచ్చలేదు.

ఆమె ముసల్లమ్ వైపు తిరిగింది. అతను తన తెగవాడే. చిన్నప్పటి నుంచి తెలిసినవాడు.

"వార్తలేమిటి తమ్ముడూ?"

"మంచివే అక్కా."

"ఎవరైనా పోయారా? ఎవరైనా వెళ్ళారా?"

"ఎవరూ పోలేదు. ఎవరూ వెళ్ళలేదు. అన్నీ మంచివే."

నదీన్ పెదవి చివర చిన్న నవ్వు మెరిసి ఆరిపోయింది. జువైనా అది చూసింది. పరీక్ష పాసైన పిల్లవాణ్ణి చూసి టీచరు నవ్వే నవ్వు.

"గ్రీన్," అన్నాడు చెవిలో కల్నల్. "అప్పగించు."

జువైనా దగ్గు వచ్చినట్టు పక్కకి తిరిగి, కెప్టెన్ కనబడటం లేదని ముసుగులోకి గొణిగింది.

"నదీన్ చెప్పింది నేనూ విన్నాను. తిన్నె అవతల ఫోన్ సిగ్నల్ ఉండదు. మనవాడు మంచివే అన్నాడు. అనుమానముంటే అనేవాడా? ఆలస్యమైతే వాసన పట్టేస్తారు. ఇది ఆర్డర్ అక్కా."

హువైషిల్ మామ కాఫీ కూజా, చిన్న గిన్నెలూ పట్టుకుని వచ్చాడు. నదీన్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దంది. వెలుగు పోతోంది, తిరిగొచ్చాక తాగుతానంది. ముసలాయన ముఖం మాడ్చుకున్నాడు. ఒంటెలకి మేత వేళ అయిందని, తిన్నాక తీసుకెళ్ళమని కూడా చెప్పి చూశాడు. ఆమె వినలేదు. రెండే ఒంటెలు చాలని, పట్టుకునే మనిషి అక్కర్లేదని, తను ఒంటెల మధ్యే పుట్టానని చెప్పింది. ముసల్లమ్‌ని చూసి, "నువ్వు తాగు, బాగా అలిసిపోయావు," అంది దయగా.

ఇద్రీస్ చాప మీదనుంచి జువైనానే చూస్తున్నాడు. గోరింటాకు ఇంకా ఆరలేదు. ఎడమ చెయ్యి గాలిలో ఎత్తి పట్టుకున్నాడు.

ఆర్డర్ ఆర్డరే. జువైనా తల ఊపింది.

అతను లేచి వెళ్ళి ఒంటె ఎక్కాడు. నదీన్ ముందు ఒంటె ఎక్కి, వెనక దాని తాడు తన జీనుకి ముడేసింది. రెండు ఒంటెలూ పడమటి తిన్నె వైపు కదిలాయి.

ముసల్లమ్ నెగడు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మామ గిన్నెలో కాఫీ పోశాడు. పొగలు కక్కుతోంది. ఖర్జూరాల పళ్ళెం ముందుకి జరిపాడు. మర్యాద తెలిసినవాడు ముందు ఖర్జూరం నోట్లో వేసుకుంటాడు. కాఫీ ఊదుకుంటూ, ఒంటెల గురించీ వాన గురించీ రెండు మాటలు మాట్లాడతాడు. ముసల్లమ్ ఖర్జూరం ముట్టలేదు. గిన్నె ఎత్తి గుక్కలో మింగేశాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గిన్నె మళ్ళీ చాపాడు.

మామ జువైనా కేసి చూశాడు. పోశాడు. అది కూడా గుక్కలో పోయింది. ముసల్లమ్ పెదవి మీద చర్మం తెల్లగా ఉబ్బింది. మళ్ళీ చాపాడు.

జువైనా చేతిలోని కోన్ కింద పెట్టింది. నలభై ఎనిమిదేళ్ళ బతుకులో కాఫీని ఇలా తాగిన మనిషిని ఒక్కసారే చూసింది. ఆ రోజు ఆమె భర్త వరదలో కొట్టుకుపోయాడు. ఆ కబురు తెచ్చినవాడు ఇలాగే తాగాడు.

తిన్నె మీద ఒంటెలు సగం ఎక్కాయి. నదీన్ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నెగడు దగ్గర కాఫీ తాగుతున్న డ్రైవరు, పక్కన ముసలాడు, గోరింటాకు ఆవిడ కనిపించారు. ముందుకు తిరిగింది.

మూడో గిన్నె ఖాళీ చేసి, చాలన్నట్టు దాన్ని అటూ ఇటూ ఆడించి కింద పెట్టాడు ముసల్లమ్.

"ఇప్పుడడుగు అక్కా."

"వార్తలేమిటి?"

"కెప్టెన్ పోయాడు."

జువైనా ముసుగులోని మైకుని అతని వైపు తిప్పింది.

పాత బావి దగ్గర ఆ మహాతల్లి కారు ఆపించి, కెప్టెన్‌ని పక్కకి పిలిచిందట. వెనకనుంచి ఇద్దరొచ్చారట. అరుపు కూడా లేదట. ఆ ఇద్దరూ ఇప్పుడు తిన్నె అవతల ఉన్నారు, వాళ్ళ దగ్గర పొడుగు తుపాకీ ఉంది. క్యాంపులో ఎవరడిగినా అంతా మంచిదే అని చెప్పమని, లేకపోతే ఇంట్లో ఆడమనిషి ఉండదని బెదిరించిందట. భార్య పేరూ, డేరా వేసిన చోటూ కూడా చెప్పిందట.

"ఆవిడ చెప్పమన్నదీ అదే, కాఫీకి ముందు నేను చెప్పాల్సిందీ అదే," అన్నాడు ముసల్లమ్. "నేను భయపడి చెప్పాననుకుంది. అందుకే కాఫీకి వదిలింది."

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని కల్నల్ చెవిలో అరిచాడు. జువైనా అప్పటికే తిన్నె కేసి చూస్తోంది.

ఒంటెలు తిన్నె కొసకి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. సూర్యుడు సరిగ్గా కొస మీద కూర్చున్నాడు. ఆ వెలుగులో ఇద్రీస్ నల్లటి బొమ్మలా కనబడుతున్నాడు. ఎడమ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఇంకో పది పన్నెండు అడుగులు వేస్తే అవతలి వాళ్ళకి అతను నిండుగా కనబడతాడు. అరిస్తే నదీన్‌కి తెలిసిపోతుంది. ఆమె అబాయా కింద ఏముందో ఊహించడం కష్టం కాదు. పరిగెత్తినా ఆ ఇసుకలో అందుకోలేరు. అప్పగించు అన్నది కల్నలే. కానీ ఆ మనిషి కల్నల్‌ని నమ్మి వెళ్ళలేదు. తను తల ఊపడం చూసి వెళ్ళాడు.

జువైనా ఒంటెల పాక లోకి పరిగెత్తింది. ఎండు చేపల డబ్బా అందుకుంది. ఎండిన కవళ్ళు, ఆ దేశంలో ఒంటెలకి సాయంత్రం మేత అవే. డబ్బా, గరిటె పట్టుకుని బయటికొచ్చి, రోజూ ఆ వేళకి కొట్టినట్టే కొట్టింది. ఠంగ్ ఠంగ్ ఠంగ్. గొంతు లోపలినుంచి, నాలుక అంగిలికి ఆనించి, రోజూ పిలిచినట్టే పిలిచింది.

ముందు వెనక ఒంటె ఆగింది. చెవులు తిప్పింది. తరువాత ముందుది ఆగింది.

నదీన్ బెత్తంతో కొట్టింది. ఒంటె ఒక్కడుగు ముందుకేసి పెద్దగా రంకె వేసింది. జువైనా మళ్ళీ డబ్బా కొట్టింది. పొద్దున్నుంచీ ఆకలి మీదున్న రెండు ఒంటెలూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

అవతలినుంచి తుపాకీ పేలింది. అంతకు రెప్పపాటు ముందు ఇద్రీస్ తల ఉన్న చోట ఇప్పుడు ఉత్త ఎర్రటి ఆకాశం ఉంది.

ఒంటె దిగుడులో పరిగెత్తితే ఎక్కినవాడి ప్రాణం ఎక్కడుంటుందో వాడికే తెలియాలి. ఇద్రీస్ రెండు చేతులతో జీను కావలించుకుని వేలాడాడు. నదీన్ తాడు లాగి ఒంటెని తిప్పాలని చూసింది. రెండింటి మధ్య కట్టిన తాడు ఆమె తొడకి అడ్డం పడి, ఆమెని జీను మీదనుంచి ఎత్తి తిన్నె అడుగున ఇసుకలో విసిరేసింది. కళ్ళద్దాలు ఒక వైపు, చిన్న పిస్తోలు ఒక వైపు దొర్లాయి. ఆమె లేచి పిస్తోలు కోసం చూసేసరికి దాని మీద పరిగెత్తుకొచ్చిన ముసల్లమ్ కాలుంది.

"చేతులు కనబడనీ అమ్మా," అన్నాడు. మూతి కాలినందువల్ల మాట ముద్దగా వచ్చింది.

టూరిస్టులు చప్పట్లు కొట్టారు. ఈ పరుగు పందెం, ఆ తుపాకీ మోత రోజూ ఉంటాయా అని జర్మనీ ఆవిడ అడిగింది. ఉండవని, ఇవాళ మాత్రమే ఏర్పాటు చేశామని హువైషిల్ గంభీరంగా చెప్పాడు.

అవతలి లోయకి బయటికి పోయే దారి ఒక్కటే. కల్నల్ గస్తీ బండ్లు ఆ మూతి దగ్గరికి పావుగంటలో చేరాయి. ఇద్దర్నీ పట్టుకున్నామని చెవిలో చెప్పాడు. పాత బావి దగ్గర కెప్టెన్ శవం కూడా దొరికిందని చెప్పాడు. హమ్దాన్‌కి నిరుడే పెళ్ళయింది. జువైనా ఆ పెళ్ళికి వెళ్ళింది. కొత్తకోడలికి గోరింటాకు పెట్టింది తనే.

"నువ్వు ముందే చెప్పావు," అన్నాడు చివరికి కల్నల్.

"ఊఁ," అంది జువైనా. చెప్పి కూడా, ఇద్రీస్‌కి తల ఊపింది తనే.

ఇద్రీస్ డేరాలో మూల కూర్చుని ఉన్నాడు. గోరింటాకంతా జీనుకీ చొక్కాకీ అంటుకుపోయింది. జువైనా దగ్గర కూర్చుంటే ఆమె వైపు చూడకుండా నంబర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి నుంచి చివరిదాకా, ఆగకుండా. ఆమె వేళ్ళు మడుచుకుంటూ విన్నది. నలభై ఒకటి. ఒక్కటీ జారిపోలేదు. అప్పుడతను దిండుకి ఆనుకుని, మే పద్నాలుగు అన్నాడు.

"ఏమిటది?"

"మా పాప పుట్టినరోజు."

మరో అయిదు నిమిషాలకి నిద్రపోయాడు. నిన్న పూడ్చిన గుంట తవ్వి మాంసం బయటికి తీస్తుంటే, ఆ వాసనకి క్యాంపంతా కదిలింది కానీ అతను కదల్లేదు.

నదీన్‌ని ఒంటె కాళ్ళకి వేసే బంధంతో డేరా గుంజకి కట్టి కూర్చోబెట్టారు. అబాయా నిండా ఇసుక. అయినా అందంగానే ఉంది. టూరిస్టులు పళ్ళేల చుట్టూ చేరి మేకమాంసం, అన్నం తింటున్నారు. ఆమె పొద్దున్నుంచి ఏమీ తినలేదని, ఒక్క ముద్ద పెట్టమని మెల్లగా అడిగింది. గొంతులో అబద్ధమేమీ లేదు. నిజంగానే ఆకలి.

జువైనా వినిపించుకోలేదు. ఎనిమిదింటికి కల్నల్ జీపు దిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుంజకి కట్టి ఉన్న నదీన్‌నీ, ఆమె ముందు ఖాళీ చాపనీ చూశాడు. నగరంలో పెరిగినా మర్యాదస్థుడు.

"శత్రువే అయినా ఇంత తిండి పెట్టాల్సింది అక్కా. బాగుండదు."

"పెడితే మూడు రోజులు ఆవిడ మా అతిథి అవుతుంది. మీ నుంచి కాపాడాల్సింది నేనే అవుతాను," అంది జువైనా. "త్వరగా జీపెక్కించండి కల్నల్ గారూ. మామ ఇప్పటికి రెండుసార్లు పళ్ళెం పట్టుకుని లేచాడు."